నీళ్ల సీసాలో యాసిడ్



వానలు ఆలస్యమైనా మా పల్నాడు పల్లెల్లో మిరప నార్లు పోసుకుంటున్న రోజులివి. బడులు తెరిచి నెల దాటింది. ఏటా ఈ రోజుల్లోనే మేమిద్దరం మా హైస్కూల్లో ప్రయోగశాల తలుపు తీసి, పిల్లలకు మొదటి పాఠం చెప్తాం. మాలో ఒకరిది భౌతిక రసాయన శాస్త్రం, ఇంకొకరిది జీవశాస్త్రం. ఈ ఒక్క పాఠం మాత్రం ఇద్దరం కలిసే చెప్తాం. అలా ఎందుకు మొదలైందో ఇన్నాళ్లూ ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఈసారి చెప్పాలని కూర్చున్నాం.

ముందు ఒక బొమ్మ సంగతి. ఎర్ర అంచు ఉన్న డైమండు ఆకారం, లోపల తెల్లటి జాగా, అందులో నల్లటి బొమ్మ. పరీక్షనాళిక వంపితే ఒక చుక్క చేతి మీద పడుతోంది, ఇంకో చుక్క కింద లోహం మీద పడుతోంది. పడినచోట రెండూ తినేసినట్టు ఉంటాయి. తాకినదాన్ని కాల్చి కొరికేసే పదార్థం అని దానర్థం. గాఢ ఆమ్లాల సీసాల మీద ఉంటుంది. ఆ బొమ్మను నల్లబల్ల మీద పెద్దగా గీసి, ఏమిటో చెప్పండర్రా అని తొమ్మిదో తరగతిని అడిగాం.

"చేతులు కడుక్కోవాలి టీచర్!"

ఒకరు కాదు, సగం తరగతి ఒక్కసారే అన్నారు. కరోనా రోజుల్లో బడి గోడల మీద, ఆసుపత్రి గోడల మీద వాళ్లు చూసి పెరిగిన బొమ్మలన్నీ అవే. చెయ్యి, దాని మీద చుక్కలు. పిల్లల తప్పేముంది? కానీ ఆ క్షణంలో మా గుండె జారింది. చేతులు కడుక్కునే మందు అనుకుని ఒక్కడు సీసా వంపుకుంటే?

పుర్రె, రెండు ఎముకల బొమ్మ చూపిస్తే "కరెంటు కొడుతుంది సార్" అన్నారు. నిజమే, మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఎర్రబోర్డు ఉంది. పుర్రె, కింద 'అపాయము', పక్కన 11 కె.వి. అని. పుర్రె అంటే వాళ్లకు కరెంటు. సీసాలోకి కరెంటు ఎలా వస్తుందని ఒకడు నిజంగానే అనుమానం అడిగాడు. మనిషి ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన తెల్లబొమ్మను చూసి "సినిమా హీరో" అన్నారు. అది ఊపిరితిత్తుల్లాంటి అవయవాలను మెల్లగా పాడుచేసేవాటికీ, క్యాన్సర్ తెచ్చేవాటికీ వేసే గుర్తు. ఆశ్చర్యార్థకాన్ని చూసి "ఆహా, ఓహో" అని తెలుగు వ్యాకరణం అప్పజెప్పారు. సున్నా మీద మంట ఉన్న బొమ్మ దీపం ప్రమిద అయింది. అది తాను మండకపోయినా పక్కదాని మంటను పెంచే ఆక్సీకరణి. చచ్చిన చేప, ఎండిన చెట్టు ఉన్న బొమ్మ ఒక్కటే అందరూ సరిగ్గా చెప్పారు. "చెరువులో మందు కలిసింది." దానికి వాళ్లకు పాఠం అక్కర్లేకపోయింది.

మేము బాగా నవ్వుకున్నాం. నవ్వి ఇంటికెళ్లాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాం.

నాలుగేళ్ల కిందటి మాట. ఇంట్లో మరుగుదొడ్డి కడగడానికి యాసిడ్ కావాల్సి వచ్చింది. సందు చివర దుకాణంలో పెద్ద క్యాను నుంచి విడిగా పోసి ఇస్తారు. సీసా మనమే తెచ్చుకోవాలి. ఖాళీ అయిన మంచినీళ్ల ప్లాస్టిక్ సీసా పట్టుకెళ్లాం. విడిగా యాసిడ్ అమ్మకంపై 2013లో సుప్రీంకోర్టు గట్టి ఆంక్షలు పెట్టింది. కొనేవారి చిరునామా రిజిస్టరులో రాయాలి, గుర్తింపు కార్డు చూడాలి, పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మకూడదు. ఇవన్నీ మాకు తెలుసు. దుకాణంలో ఎవరూ ఏదీ అడగలేదు, మేమూ అడగండని చెప్పలేదు. తెచ్చి పెరట్లో పంపు పక్కన గట్టు మీద పెట్టాం. రంగు లేదు, నీళ్లలాగే ఉంది. సీసాకున్న కాగితం కూడా మంచినీళ్లదే. దాని మీద ఇంకేదైనా అంటించాలని మాకు తట్టలేదు. అందులో ఏముందో మాకు తెలుసు కదా!

ఆ సాయంత్రం పెరటి వెనక ఖాళీ జాగాలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పక్కింటివాళ్ల అబ్బాయి, అప్పుడు ఆరో తరగతి, చెమటలు కక్కుతూ వచ్చి పంపు తిప్పాడు. నీళ్లు రాలేదు. పక్కన సీసా కనిపించింది. మూత తీసి ఒక్క గుక్క.

వాడి కేక ఇప్పటికీ వినిపిస్తుంది.

మేము పరుగెత్తాం. ఇక్కడే మా అసలు తప్పు ఉంది, దాచకుండా చెప్పాలి. సీసా పెట్టింది అజాగ్రత్త. తర్వాత చేసింది తెలివి అనుకుని చేసింది. ఆమ్లానికి విరుగుడు క్షారం అని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాసినవాళ్లం కదా, వంటగదిలోకి ఉరికి వంటసోడా డబ్బా తీసి, గ్లాసు నీళ్లలో రెండు చెంచాలు కలిపి, వాడు వద్దని తల తిప్పుకుంటున్నా గడ్డం పట్టుకుని తాగించాం. నిమిషం గడవలేదు. పొట్ట ఉబ్బింది, నురగ, వాంతి. దిగిన యాసిడ్ దిగిన దారిలోనే మళ్లీ పైకి వచ్చింది. అంటే ఒకసారి కాలిన గొంతును మేము రెండోసారి కాల్చాం.

108లో ఎక్కించుకుని పట్నం తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నవాడే, మా పిల్లల వయసు. ఏం తాగించారని అడిగాడు. చెప్పాం. మీరేం చేస్తారని అడిగాడు. అదీ చెప్పాం. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "వంటసోడా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే ఏమొస్తుంది మాస్టారూ?" అన్నాడు, రాసుకుంటూనే. ఉప్పు, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్. ఆ వాయువును సున్నపుతేటలోకి పంపి, తేట పాలలా మారడం ఏటా పదో తరగతికి మేమే చూపిస్తాం. పిల్లవాడి పొట్టలో అదే వాయువు పుడుతుందని మాత్రం తట్టలేదు. వేరే క్షారాలైతే వేడి కూడా పుడుతుందని ఆయన చెప్పాడు. యాసిడ్ మింగినవారికి వాంతి చేయించకూడదట, విరుగుడని ఏదీ పట్టకూడదట. నోరు నీళ్లతో కడిగించి, సీసాతో సహా ఆసుపత్రికి తేవడమే పని.

బతికాడు. ఆ మాట ముందే చెప్పాల్సింది, మీరు ఊపిరి బిగబట్టి ఉంటారు. కానీ ఆహారవాహిక మానేటప్పుడు మచ్చకట్టి సన్నబడింది. అన్నం దిగదు. కొన్ని వారాలకోసారి పట్నం వెళ్తే, గొంతులోంచి గొట్టం దింపి ఆ ఇరుకును కాస్త వెడల్పు చేసేవారు. రెండేళ్లపాటు అలా తిరిగాం. తిరిగాం అంటున్నాం, నిజానికి తిరిగింది వాడూ వాళ్ల అమ్మా. మేము బస్సు ఛార్జీలు ఇచ్చాం, సెలవు దొరికినప్పుడు వెంట వెళ్లాం. ఆమె మమ్మల్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ ఏడాది నుంచే మొదటి పాఠం ఇద్దరం కలిసి చెప్పడం మొదలుపెట్టాం.

ఇంతకూ మా ప్రయోగశాల అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు సిమెంటు గట్లు, ఒక బీరువా. చాలా ఏళ్లు ఆ గదిలోనే విరిగిన బల్లలు, పాత రికార్డులు కూడా ఉండేవి. బీరువా తెరిస్తే సీసాలు రకరకాలుగా ఉండేవి. కొన్నిటికి పాతకాలపు నారింజ రంగు చతురస్రంలో నల్లబొమ్మ. కొన్నిటికి ఇప్పటి ఎర్ర డైమండు. ఒక్కో దేశం ఒక్కో గుర్తు వాడితే సరుకుతోపాటు గందరగోళం కూడా ఎగుమతి అవుతుందని, ఐక్యరాజ్యసమితి 2003లో అందరికీ ఒకే పద్ధతి ప్రచురించింది. అందులోవే ఈ తొమ్మిది బొమ్మలు. ఇక మిగిలిన సీసాలకు ఏ గుర్తూ లేదు. చెదలు కాగితం తినేశాయి. లోపల తెల్లపొడి. ఉప్పు కావచ్చు, మరేదైనా కావచ్చు. వాటిని వాసన చూసి, రుచి చూసి కనిపెట్టే ధైర్యవంతులు పాతరోజుల్లో ఉండేవారు. మేము మూత కూడా తీయలేదు. ఇసుక పోసిన ట్రేలో విడిగా పెట్టి, 'తెలియదు, ముట్టకూడదు' అని రాసి, పై అధికారులకు జాబితా పంపాం. ఒక సీసాలో సోడియం ముక్క ఉంది. దాన్ని మునిగేలా ఉంచాల్సిన కిరోసిన్ సగానికి ఆరిపోయి, ముక్క పైకి కనిపించింది. ఆ రోజు మాకు చెమటలు పట్టాయి.

పాఠం బొమ్మలతో మొదలుపెట్టం. చెప్పులతో మొదలుపెడతాం. మన పిల్లలు మంచి పెంపకంలో పెరిగినవాళ్లు, ఏ గదిలోకి అడుగుపెట్టినా గుమ్మం బయట చెప్పులు వదిలేస్తారు. ప్రయోగశాల ముందు కూడా చెప్పుల వరస. గౌరవమే, కాదనం. కానీ గాజు పగిలితే, యాసిడ్ చుక్క పడితే ముందు కాలిపోయేది ఆ వట్టికాళ్లే. "ఈ గదికి చెప్పులు వేసుకుని రావడమే మర్యాద" అని చెప్పడానికి మాకు చాలా రోజులు పట్టింది. బడిలో ఇచ్చిన బూట్లు పండక్కి దాచుకునే పిల్లలున్నారు. ఆ రోజు మాత్రం బూట్లు తీయిస్తాం.

తర్వాత పంపు. ప్రయోగం రోజున బకెట్లు నింపి ఉంచి, పంపు తిరుగుతోందో లేదో చూడందే సీసా తీయం. చర్మం మీద యాసిడ్ పడితే గుడ్డతో తుడవడం కాదు, విరుగుడు వెతకడం కాదు, పారే నీళ్ల కింద ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలంటే ఎంతసేపో తెలియాలని ఒక అమ్మాయిని పంపు కింద చెయ్యి పెట్టి నిలబడమంటాం, మిగతావాళ్లు గడియారం చూస్తారు. మూడు నిమిషాలకే "చాలు టీచర్" అంటారు. ఐదు నిమిషాలకు నవ్వులు ఆగిపోతాయి. పది నిమిషాలకు ఆ అమ్మాయి చెయ్యి మారుస్తానంటుంది. కాలిన చెయ్యి మార్చుకోలేం కదమ్మా అంటాం. ఈ ఒక్కటీ వాళ్లు మర్చిపోగా మేము చూడలేదు.

మిగతావి చకచకా. జడ వెనక్కి, చున్నీ ముడి. పరీక్షనాళిక మూతి ఎవరి ముఖం వైపూ తిప్పకూడదు. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి పీల్చకూడదు, ఎడంగా పట్టుకుని, చేత్తో విసిరినట్టు ఆ గాలిని కొంచెంగా ముక్కు వైపు తోలుకోవాలి. స్పిరిట్ దీపం పగటి వెలుగులో మండుతున్నట్టే కనిపించదు, ఆరిందనుకుని స్పిరిట్ పోయకూడదు, నోటితో ఊదకూడదు, మూత పెట్టాలి.

యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు అనేది అందరూ బట్టీ పట్టేదే. పరీక్షలో మార్కు కూడా వస్తుంది. ఎందుకో అడిగితే తెల్లమొహం వేస్తారు. ఊళ్లో ఆడపిల్లలకు వంటింటి ఉదాహరణ చాలు. కాగిన నూనెలో నీటిచుక్క పడితే ఏమవుతుంది? చిట్లుతుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికంటే దాదాపు రెట్టింపు బరువు. పైన పోసిన నీళ్లు మీదే తేలి, కలిసేచోట పుట్టిన వేడికి అక్కడికక్కడ మరిగి, యాసిడ్‌ను వెంటేసుకుని ఎగిరి ముఖాన పడతాయి. ఎక్కువ నీళ్లలో కొంచెం కొంచెంగా యాసిడ్ పోస్తూ కలిపితే ఆ వేడిని నీళ్లంతా పంచుకుంటాయి. ఈ ఉదాహరణ విన్నాక మగపిల్లల్లో కొందరు నూనె చిట్లుతుందని ఇప్పుడే తెలిసిందన్నారు. ఇళ్లల్లో వీళ్లచేత ఏ పనీ చేయించడం లేదని మాకు అర్థమైంది. అది వేరే ఉత్తరంలో రాయాల్సిన సంగతి.

పిల్లలు ఇన్ని బొమ్మలను తప్పుగా చదివారని మేము బాధపడుతున్నప్పుడు ఒక సంగతి చదివి తేరుకున్నాం. రోగక్రిములున్న వ్యర్థాల సంచుల మీద మూడు కొమ్ముల గుర్తు ఉంటుంది, ఆసుపత్రుల్లో చూసే ఉంటారు. దాన్ని 1966లో అమెరికాలో తయారుచేసినవారు కావాలనే ఏ అర్థమూ లేని బొమ్మను వెతికారట. చూస్తే మర్చిపోకూడదు, కానీ ముందే దేనితోనూ ముడిపడి ఉండకూడదు. అర్థం మనం నేర్పుకోవచ్చు అని. నేర్పితేనే గుర్తు. నేర్పకపోతే గీతలు.

నేర్పకపోతే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం. 2010లో మాయాపురి తుక్కు బజారుకు ఒక పాత పరికరం వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉంటే వేలంలో అమ్మేశారు. దాని లోపల కోబాల్ట్-60 ఉంది. తుక్కువాళ్లు విప్పి ముక్కలు పంచుకున్నారు. చేతులు కాలాయి, ఒళ్లు నల్లబడింది, ఒకరు చనిపోయారు. రేడియోధార్మికతకు మూడు రెక్కల గుర్తు 1946 నుంచి ఉంది. ఫ్యాను రెక్కల్లా ఉందనేవాళ్లే ఎక్కువ, దాన్ని చూసి పారిపోవాలని ఎవరికీ అనిపించదు. అందుకే 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇంకో గుర్తు తెచ్చింది. ఎర్రని త్రిభుజంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి. దాన్ని మన దేశంతో సహా 11 దేశాల్లో 1,650 మందికి చూపించి, అర్థమవుతోందో లేదో అడిగి మరీ ఖాయం చేశారు. ఈ కథ చెప్పినప్పుడు మా పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "చదువుకున్నవాళ్లు ఎలా అమ్మేశారు సార్?" మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం.

మా ఊళ్లో కోబాల్ట్ లేదు. మందు డబ్బాలు మాత్రం ఇంటింటా ఉన్నాయి. అందుకని ఇంటిపనిగా పురుగుమందు డబ్బా మీది డైమండును చూసి గీసుకురమ్మంటాం. డబ్బాను ముట్టకుండా, పెద్దవాళ్లను పట్టుకోమని. ఆ డైమండు రెండు త్రిభుజాలు. కింది త్రిభుజం రంగే మాట్లాడుతుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపుకూ పసుపుకూ పైన 'విషం' అని ఉంటుంది, ఎరుపుకు పుర్రె కూడా. ఆకుపచ్చ ఉంటే మంచిదని పిల్లలు అనుకుంటారు. పచ్చ అంటే చేనుకు మేలు చేసేదని పెద్దలూ అనుకుంటారు. అది కూడా విషమే, తక్కువ విషం.

ఎరుపు సంగతి చెప్పేటప్పుడు బీహార్ పిల్లలను తలుచుకోకుండా ఉండలేం. 2013 జూలై 16న సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మా పత్తి చేలకు అందరూ ఎరిగిన మందే అది, డబ్బా మీద ఎర్ర త్రిభుజం.

ఇంటిపని ఇచ్చిన మూడో రోజున ఒక పెద్దావిడ బడికి వచ్చి మా మీద విరుచుకుపడింది. "ఏం నేర్పారు పంతులుగారూ మా పిల్లకి? కందిపప్పు పోసుకునే డబ్బా పట్టుకుపోయి మేకుతో చిల్లులు పొడిచింది! పదేళ్లుగా వాడుకుంటున్నా, నాకేమైంది?"

మనవరాలు వెనకే నిలబడి ఉంది, భయం లేకుండా. డబ్బా మూడుసార్లు కడిగి, చిల్లు పెట్టి, మళ్లీ ఎవరూ వాడకుండా చేయాలని మేమే చెప్పాం మరి. పెద్దావిడను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. పదేళ్లుగా ఏమీ కాలేదన్న మాటకు ఏ జవాబు చెప్పాలో తోచలేదు. మా పెరటి గట్టు మీద కూడా చాలా ఏళ్లు ఏమీ కాలేదు. చివరికి ఆవిడే అడిగింది, "అయితే ఎర్రదేనా, పచ్చదీ వాడకూడదా?" అని. ఏదీ వాడకూడదమ్మా అన్నాం. కొత్త స్టీలు డబ్బా మీరే కొనిపెట్టాలని తీర్పు చెప్పి వెళ్లింది. కొనిచ్చాం.

ఇక ఈ ఏడాది పాఠం. ఆ అబ్బాయి ఇప్పుడు పదో తరగతి. ముందు బెంచీలో కూర్చుంటాడు. గొంతు కొంచెం బొంగురు, అన్నం అందరికంటే నెమ్మదిగా తింటాడు, గొట్టం వేయించుకోవడం ఆగి ఏడాది దాటింది. తటస్థీకరణ చర్య బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి ఒకడు చెయ్యెత్తాడు. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, అడగడం తెలివైన పనే. "సార్, ఎవరైనా యాసిడ్ తాగితే వెంటనే సోడా తాగిస్తే సరిపోతుందా?"

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. మిగతా ఏళ్లలో గబగబా "సరిపోదు" అని దాటేసేవాళ్లం. వాడున్న తరగతిలో ఎలా దాటేస్తాం?

"సరిపోదురా," అన్నాడు వాడే, వెనక్కి తిరిగి. "లోపల గ్యాసు పుట్టి మళ్లీ పైకొస్తుంది. ఇంకా ఎక్కువ కాలుతుంది. నాకు తాగించారు."

"ఎవరు తాగించారు?"

వాడు మా వైపు చూడలేదు. బల్ల వైపు చూశాడు. చెప్పడని మాకు తెలిసింది. నాలుగేళ్లుగా వాడూ వాళ్ల అమ్మా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పొరపాటున తాగాడనే ఊరంతా అనుకుంటోంది.

"మేమే," అన్నాం. సీసా మాది, అంటించని కాగితం మాది, సోడా మాది. మొత్తం చెప్పాం. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. ఒక అమ్మాయి మాత్రం అడిగింది, "మరి మీకు అన్నీ తెలుసు కదా టీచర్?" అని. తెలుసమ్మా, తెలిసి కూడా అన్నాం. అంతకంటే మా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చాడు. మరుసటి రోజుకు సీసాలకు అంటించాల్సిన కాగితాలు రాయడానికి. వాడి చేతిరాత ముత్యాలు. 'హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సజల' అని రాసి, పక్కన డైమండు గీసి, ఎర్ర స్కెచ్చుపెన్నుతో అంచు దిద్దాడు. మా మరుగుదొడ్డిలోని ఫినాయిల్ సీసాకు కూడా ఒకటి రాసి అంటించి వచ్చాడు, మేము అడగకపోయినా. దాహమన్నాడు. కుండలో నీళ్లు ముంచి స్టీలు గ్లాసులో ఇచ్చాం. గ్లాసును ఎడంగా పట్టుకుని, చేత్తో ఒకసారి గాలిని ముక్కు వైపు తోలుకుని, తర్వాత నెమ్మదిగా తాగాడు.